కీబోర్డు రెండు ముక్కలెందుకు?

మామూలు కీబోర్డు మీద చేతులు పెట్టి చూడండి. మోచేతులు దూరంగా, వేళ్లు దగ్గరగా! దాంతో మణికట్లు చిటికెన వేలి వైపు వంగుతాయి. గంటల తరబడి అలాగే ఉంటే నొప్పి పుట్టదూ? రెండు ముక్కలు చేసి, భుజాలంత ఎడంగా పెడితే చేతులు తిన్నగా ఉంటాయి.

మరి ఈ రెండు ముక్కలూ వైరు లేకుండా కలిసి పనిచేసేదెలా? ఒక్కో ముక్కలో బ్యాటరీ, బ్లూటూత్ చిప్ ఉంటాయి. చాలా డిజైన్లలో ఒకటి అన్న, ఒకటి తమ్ముడు. తన వైపు ఏ మీట నొక్కారో తమ్ముడు చెబితే, అన్న ఇద్దరి కబుర్లూ కంప్యూటరుకు చేరవేస్తాడు. ఈ చాకిరీతో అన్న బ్యాటరీయే ముందు ఖాళీ!

ఇక మామూలు కీబోర్డులో మీటల వరుసలు పక్కకు జరిగి ఉండటం పాత టైప్‌రైటరు కడ్డీల చలవ. ఇప్పుడా కడ్డీల్లేవు, వేళ్ల పొడవును బట్టి నిలువుగా పేర్చుకోవచ్చు. ఆ అమరిక ఎలా ఉంటుందో తెలియాలంటే, కాగితం మీద చెయ్యి ఆనించి, వేళ్ల కొసల దగ్గర చుక్కలు పెట్టి చూడండి.