కూరగాయల విత్తనాలు: పొట్లం మీద చదవవలసినవి

అనంతపురం, కక్కలపల్లి మార్కెట్టులో టమాటా ధర వచ్చే సరుకును బట్టి లేస్తుంది, పడుతుంది. విత్తనం ఖర్చు మాత్రం ధర తెలియక ముందే, నారు పోసేనాడే రైతు చేతి నుంచి పోతుంది. సాలుకు సగటు వర్షపాతం 550 మి.మీ. దగ్గర ఉండే ఈ మెట్ట ప్రాంతంలో బోరు ఎండి నారు మాడితే ఆ ఖర్చు రెండోసారి పెట్టవలసిందే. అందుచేత పొట్లం మీది అక్షరాలు ముందుగా చదువుకోవడం మంచిది.

మొదట చూడవలసింది రకం పేరు. వెనుకటి కాగితపు పొట్లాలలో వచ్చిన 'పూసా రూబీ' టమాటా ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన సూటి రకం. దాని పండిన కాయల నుంచి తీసి ఆరబెట్టిన విత్తనం మరుసటి ఏడు తల్లి లక్షణాలతోనే కాస్తుంది. నారు పోయినా ఇంట్లో విత్తనం మిగిలేది.

1965లో బెంగుళూరులో మన్మోహన్ అత్తావర్ స్థాపించిన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ 1973లో 'కర్ణాటక' సంకర టమాటాను, 'భారత్' క్యాప్సికంను విడుదల చేసింది. సంకర రకాలలో దిగుబడి ఎక్కువ, కాయలు ఒకే తీరున వస్తాయి. అయితే వాటి నుంచి తీసిన విత్తనంలో ఆ గుణాలు చెదిరిపోతాయి. పొట్లం మీద 'ఎఫ్-1' లేదా 'హైబ్రిడ్' అని ఉంటే ప్రతి పంటకూ కొత్త విత్తనం కొనాలన్న మాట.

రెండోది మొలక శాతం. 1966 విత్తన చట్టం కింద నిర్ణయించిన కనీస ప్రమాణం టమాటా, వంగ, ఉల్లికి 70, బెండకు 65, మిరపకు 60. మూడోది పరీక్ష తేదీ. ధ్రువీకరణ విత్తనానికి నీలిరంగు చీటీ ఉంటుంది. దాని గడువు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. మళ్లీ పరీక్షించి నెగ్గితేనే పొడిగిస్తారు.

సీలు చెడకపోయినంత మాత్రాన లోపలి విత్తనం బాగున్నట్లు కాదు. వేడి, తేమ మొలకను తినివేస్తాయి. ఉల్లి విత్తనం త్వరగా చెడుతుంది; టమాటా, వంగ విత్తనాలు అంతకంటె ఎక్కువ కాలం నిలుస్తాయి. రంగుల బొమ్మల కోసం పాత పొట్లాలు దాచుకునే వారికి వాటి విలువ కాగితంలోనే ఉంది. నారుమడికి అవి పనికిరావు.

అనుమానం ఉంటే 100 గింజలను తడిగుడ్డలో చుట్టి, తడి ఆరకుండా నీడలో ఉంచాలి. రెండు వారాలలో టమాటా మొలకలు 70కి తగ్గితే ఆ విత్తనం పోయకపోవడమే మేలు. రసీదును, ఖాళీ పొట్లాన్ని, అడుగున కొద్ది విత్తనాన్ని పంట చేతికి వచ్చే దాకా దాచుకోవాలి. విత్తనం మోసం చేసిందని ఫిర్యాదు చేయవలసి వస్తే రైతు చేతిలో ఉండే సాక్ష్యం అదే.