పాత పికప్పు బండ్లు, వాని చేష్టలు

శ్రీకాకుళమునకు రైలులో వచ్చు ప్రయాణికుడు శ్రీకాకుళములో దిగడు, ఆమదాలవలసలో దిగును. స్టేషను పలకమీద నేడు "శ్రీకాకుళం రోడ్డు" అని యున్నది. పూర్వము "చికాకోల్ రోడ్డు" అని యుండెడిది. ఆ "రోడ్డు" అను చిన్నమాటలో సుమారు 8 మైళ్ల దారి దాగియున్నది. 1890 తరువాతి దశాబ్దమున ఈ తీరమునకు రైలు వచ్చినది మొదలు, పట్టణము చేరవలసిన ప్రతి బస్తాయు, ప్రతి పెట్టెయు ఆ 8 మైళ్లు మఱియొక బండి నెక్కి పోవలసినదే. మొదట ఎడ్లబండ్లు, జట్కాలు, తరువాత మోటార్లు. లారీకి చాలని సరకు, ఎడ్లబండికి మించిన తొందర, ఈ రెంటికి నడుమనున్న వ్యాపారమంతయు పికప్పు బండిదే. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ బండ్లను గుఱించియే.

"పికప్పు" అను మాటకు మన వాడుకలో రెండర్థములు గలవు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గదియు, వెనుక తెఱచిన తొట్టియు గల చిన్న సరకుబండి యొకటి. బండి వేగము నందుకొను శక్తి మఱియొకటి. "ఈ బండికి పికప్పు లేదు" అని డ్రైవరులు విసుగుకొనుట మీరు వినియే యుందురు. మా ఊరి పికప్పులలో పెక్కింటికి పికప్పు లేకుండెను. ఈ శ్లేష నాది కాదు, మా మేనమామది. ఆయన ముప్పదియేండ్లు పికప్పు నడపి సంసారము నీడ్చినవాడు గనుక ఆ మాట యనుటకు ఆయన కధికారము కలదు.

ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించిన పికప్పును ఫోర్డు కంపెనీవారు అమెరికాలో 1925లో విక్రయింప మొదలిడిరి. అంతకు పూర్వము కారు కొని, వెనుకభాగమును తీసివేసి, వేఱుగా తొట్టి కట్టించుకొనెడివారు. ఆ "మోడల్ టి" బండిలో పెట్రోలు పంపు లేదు. సీటు క్రిందనున్న ట్యాంకునుండి పెట్రోలు తన బరువుచేతనే ఇంజనులోనికి జాఱవలెను. ట్యాంకులో పెట్రోలు తక్కువగా నుండి, ఎదుట నిట్రమైన ఎత్తు వచ్చెనేని, ఇంజను ట్యాంకుకంటె పైకి లేచును, పెట్రోలు అందదు. అప్పుడు డ్రైవరు బండిని మఱలించి, వెనుకగేరులో కొండ నెక్కించెడివాడు. చూచువారికిది పిచ్చిగా తోచియుండును గాని, నీరు పల్లమెఱుగు నన్నట్లు పెట్రోలు సైతము పల్లమెఱుగును గదా. పాత బండ్ల చేష్టలలో చాల భాగ మిట్టివే. కారణ మెఱిగినవాని చేతిలో నవి నడచెడివి. ఎఱుగనివాని చేతిలో నిలిచిపోయెడివి.

మన దేశమున రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప సైన్యము వదలుకొన్న జీపులును ట్రక్కులును వేలములో జనుల చేతికి వచ్చెను. 1947లో మహీంద్రావారు విల్లీసు జీపులను విడిభాగములుగా తెప్పించి బిగింపసాగిరి. 1958లో బజాజ్ టెంపో సంస్థ యేర్పడి, జర్మనీలోని హాంబర్గు నగరపు బండి నమూనాను గొని, మూడు చక్రముల సరకుబండ్లను తయారుచేసెను. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్సు అని పేరు మార్చుకొన్నది గాని, జనులనోట "టెంపో" యను మాట మాఱలేదు.

మా మేనమామ బండి యే కంపెనీదో చెప్పను. చనిపోయినదానిపై నేరములు మోపుట మర్యాద కాదు. దాని బ్యాటరీ యెప్పుడును నీరసముగనే యుండెడిది. క్రొత్త బ్యాటరీ యన్న ఒక నెల సంపాదన. అందుచేత ఉదయమున హ్యాండిలు వేయుట తప్పదు. ముందు బంపరు రంధ్రములో ఇనుప హ్యాండిలును దూర్చి, ఇంజను ఇరుసునకు తగిలించి త్రిప్పవలెను. ఇందులో రెండు నియమములు గలవు. బొటనవ్రేలు తక్కిన నాలుగువ్రేళ్ల వైపే యుండవలెను గాని పిడికిలి బిగింపరాదు. హ్యాండిలును పైకి లాగవలెను గాని క్రిందికి నొక్కరాదు. ఏలయన, నిప్పురవ్వ ఒక్క క్షణము ముందుగా పుట్టినచో ఇంజను వెనుకకు తన్నును. పైకి లాగువాని చేతినుండి హ్యాండిలు జాఱిపోవును. క్రిందికి నొక్కువాని మణికట్టు విఱుగును. హ్యాండిలు వేయు డ్రైవరులలో చేయి కట్టుకట్టుకొని తిరిగినవారు ఏ ఊరనైనను కొందరుండెడివారు.

రాత్రులందు మాత్ర మాయన హ్యాండిలును నమ్మలేదు. బండిని ఏనాడును ఇంటిముందు నిలుపలేదు. చెఱువుగట్టు దిగుడున, శ్రీకాకుళము వైపు మొగముంచి, చక్రముల క్రింద రెండు రాళ్లు వేసి నిలిపెడివాడు. రాళ్లు తీసి, రెండవ గేరు వేసి, క్లచ్చి త్రొక్కి పట్టినచో బండి తానే జాఱును. వేగ మందిన పిమ్మట క్లచ్చి వదలిన, చక్రములే ఇంజనును త్రిప్పి మేల్కొలుపును. మొదటి గేరు పనికిరాదు. ఇంజను బిగువునకు చక్రములు కుదుపుతో నిలిచి బండి యీడ్చుకొనిపోవును.

దీనిని సోమరితన మనుకొనరాదు. 108 అంబులెన్సులు మన రాష్ట్రమున 2005లో ప్రారంభమైనవి. అంతకు పూర్వము రాత్రివేళ నొప్పులు వచ్చిన స్త్రీకిని, పాము కఱచిన కూలికిని శ్రీకాకుళము ఆసుపత్రి చేరుటకు ఆ బండియే గతి. వచ్చి తలుపు తట్టినవారు "బండి కదుల్తాదేటి, బాబూ?" అని యడిగెడివారే గాని "వస్తావా?" అని యడిగెడివారు కారు. ఆయన వచ్చుట నిశ్చయము. సందేహమంతయు బండిని గుఱించియే.

నాకు పదునాలుగేండ్లప్పుడు, శ్రావణమాసపు వానరాత్రి యొకనాడు, నేనును వెంట పోతిని. పిలుపు వచ్చిన పల్లె గెడ్డ కావల నున్నది. గెడ్డలో దిగుటకు ముందు ఫ్యానుబెల్టు విప్పుట నియమము. విప్పనిచో ఫ్యాను నీటిని వెనుకకు చిమ్మి ప్లగ్గుల తీగలను తడుపును. ఇంజను నడినీట ఆగును. అయితే ఆ బెల్టుతోనే డైనమోయు తిరుగును. బెల్టు విప్పిన దీపములు బ్యాటరీ మీదనే వెలుగవలెను. అవి ఆఱు వోల్టుల దీపములు. మంచి బ్యాటరీతోడనే మిణుకుమిణుకు మనునవి. కావున ఒకడు మోకాలిలోతు నీటిలో లాంతరు పట్టుకొని ముందు నడచెను. మేము వానివెనుక పోతిమి. గట్టెక్కిన పిమ్మట బెల్టు మరల తగిలించి, బ్రేకును మెల్లగా త్రొక్కి పట్టుచు కొంతదూరము నడుపవలెను. తడిసిన బ్రేకు పట్టదు. ఒరపిడి వేడికి ఆఱిన పిమ్మటనే పట్టును.

ఆమెను తొట్టిలో గడ్డి పఱచి, టార్పాలిను క్రింద పరుండబెట్టిరి. తిరుగుదారిలో గెడ్డ గట్టు ఎక్కునప్పుడు వైపరు నిలిచిపోయెను. అది చెడిపోలేదు. ఆ బండి వైపరునకు విద్యుత్తు మోటారు లేదు. ఇంజను గాలిని పీల్చు గొట్టములో కలుగు శూన్యతయే దానిని ఆడించును. యాక్సిలరేటరు త్రొక్కిన కొలది ఆ శూన్యత తగ్గును. అనగా ఎత్తు ఎక్కునప్పుడు, చూపు మిక్కిలి అవసరమైన వేళ, వైపరు నిద్రపోవును. పల్లము దిగునప్పుడు వెఱ్ఱియెత్తినట్లు ఆడును. ఎత్తు మీద ఒక్కసారి కాలు తీసిన చాలు, అద్దము తుడుచును. కాని కాలు తీసిన బండి వెనుకకు జాఱును. దీనికి మా మేనమామ చేసిన ఉపాయము వైపరునకు కట్టిన కొబ్బరితాడు. "ఒరే గుంటడా, తాడు లాగరా!" అని ఆయన కేక వేయును, నేను తలుపు ప్రక్కనుండి లాగుదును. అట్లు లాగుచు ఆసుపత్రి చేరితిమి. తెల్లవాఱుజామున ఆడపిల్ల పుట్టెనని, తల్లియు క్షేమమని ఆయా వచ్చి చెప్పెను. మేము ఊరికి వచ్చి బండిని గట్టున నిలిపి, రాళ్లు మరల వేసితిమి.

వేసవిలో చిక్కులు వేఱు. సీతంపేట కొండలనుండి చింతపండును, తొలకరిలో అనాసపండ్లును పాలకొండ మీదుగా స్టేషనునకు దింపుట మా వైపు పికప్పులకు మంచి బేరము. చింతపండు ఒకనాడు ఆలస్యమైనను చెడదు. అనాసపండు రైలు తప్పినచో సగము విలువ పోగొట్టుకొనును. ఎండలో ఇంజను వేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరి యగును. పంపు ద్రవమును త్రోయగలదు గాని ఆవిరిని త్రోయలేదు. బండి దగ్గి ఆగిపోవును. తడిగుడ్డను పంపునకు చుట్టి, చెట్టునీడను చుట్ట యొకటి కాల్చుకొని వచ్చిన, ఆవిరి మరల పెట్రోలై బండి కదలును. ఆ చుట్ట బండికి దూరముగా కాల్చవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు గదా!

ఇల్లాలి సామానులు కూడ బండిలో నుండెడివి. రేడియేటరునుండి నీరు కాఱినచో పిడికెడు పసుపు వేసెడివారు. పసుపు నీటిలో కరగక, నాని, నీటివెంట పోయి సన్నని చీలికలో ఇఱుకుకొని దానిని మూయును. పెట్రోలు ట్యాంకు కాఱినచో పసుపు పనికిరాదు. బట్టల సబ్బును పగులుమీద రుద్దెడివారు. సబ్బు నీటిలో కరగును గాని పెట్రోలులో కరగదు. ఈ రెండు చిట్కాలను తాఱుమాఱు చేసినవాడు దారిమధ్యమున నిలువక తప్పదు.

మూడు చక్రముల టెంపోలో ఇంజను ముందు చక్రము మీదనే యుండి, ఆ చక్రమునే త్రిప్పి, బండిని ముందునుండి లాగును. తొట్టి వెనుకంచున బరువెక్కువైనచో, ఎత్తు మీద ముందుచక్రము తేలికయై, పట్టు దప్పి, ఊరక తిరుగును. అందుచేత గూడ్సుషెడ్డు కలాసీలు చెక్కెర బస్తాలను ముందునకు, గోగునార కట్టలను వెనుకకు సర్దెడివారు. వారిలో చదువుకొన్నవారు లేరు. నేను కళాశాలలో తులాదండ సూత్రము చదివిననాడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ కలాసీలే.

ఇట్లు చెప్పుచున్నానని పాత బండ్లే మేలైనవని నా అభిప్రాయము కాదు. వాని బ్రేకులు నమ్మదగినవి కావు. పొగ కన్నులు మండించెడిది. ఇంజను డ్రైవరు ప్రక్కనే యుండు చదునుముక్కు ట్రక్కులలో వేసవి మధ్యాహ్నము కూర్చుండుట పొయ్యి ప్రక్కన కూర్చుండుటయే. తొట్టిలో జనులను కుక్కి తీసికొనిపోవుట అప్పుడును ప్రమాదమే, ఇప్పుడును ప్రమాదమే. 1988లో టాటా 206 వచ్చెను. 2005లో టాటా ఏస్ వచ్చెను. తాళము త్రిప్పిన కదలు బండి వచ్చిన పిమ్మట పల్లపు గట్టు వెదకు పని డ్రైవరునకు తప్పినది. నొప్పులు పడు తల్లికి గడ్డిపఱుపు తప్పినది. వీనిని కాదని కొబ్బరితాడును కోరువాడెవ్వడు? అయినను తాళము త్రిప్పినను కదలని నాడు నేటి డ్రైవరు చేయగలది ఫోను చేసి కూర్చుండుటయే. నాటివాడు బానెట్టు ఎత్తెడివాడు. ఆ చేతి నేర్పు నాకు ముద్దు.

పాత పికప్పును ఇంకను నిలుపుకొన్నవారు అక్కడక్కడ కలరు. వారికి రెండు మాటలు. 2021లో కేంద్రప్రభుత్వము ఏబది యేండ్లు దాటిన పాతకాలపు వాహనములకు ప్రత్యేకపు రిజిస్ట్రేషను ఏర్పఱచినది. అది వ్యాపారమునకు వాడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకే గనుక మూడు చక్రముల టెంపోకు అందు చోటు లేదు. ఇక పెట్రోలు మాట. 2000లో సీసము కలిపిన పెట్రోలు దేశమంతట ఆగిపోయినది. పాత ఇంజనులలో వాల్వుల పీఠములకు ఆ సీసమే రక్షణ. ఇప్పుడు గట్టి ఉక్కు పీఠములు వేయించుకొనుట మంచిది. 2023 మొదలు ఇరువదిపాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు బంకులకు వచ్చుచున్నది. దానిని చెఱకునుండియు ధాన్యమునుండియు తీయుదురు. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారము మూతపడినది గాని, చెఱకు మాత్ర మీ విధముగ ట్యాంకులోనికి చేరినది. పాతకాలపు రబ్బరు గొట్టములు ఇథనాలునకు ఉబ్బి పగులును; మార్పించవలెను. సబ్బు సైతము ఇథనాలులో కరగును. కావున ట్యాంకు పగులునకు సబ్బు రుద్దు చిట్కాను ఇకమీదట నమ్మరాదు. ట్యాంకును దింపి, బాగుగ కడిగించి, అతుకు వేయించవలెను.