దసరాకు ఇల్లు చేరితే సంక్రాంతి దాకా నిరోధ్

మక్తల్ దగ్గర కృష్ణ దాటితే రాయచూరు జిల్లా. కర్ణాటకలో తొలి జికా వైరస్ కేసు బయటపడింది అక్కడే. 2022 డిసెంబరులో మాన్వి ప్రాంతంలోని 5 ఏళ్ల పాపకు వచ్చింది. 2024లో మహారాష్ట్రలో 140 కేసులు తేలితే, వాటిలో ఎక్కువ పుణెవే. పాలమూరు కూలీలు తరతరాలుగా బస్సెక్కేది ఆ ముంబై, పుణెలకే.

జికాను మోసేది డెంగీని తెచ్చే ఏడిస్ దోమే. అయితే జికాకు ఇంకో దారి కూడా ఉంది: మగవాడి వీర్యం. అందుకే ఈ లెక్కలు మగవాళ్లూ చూడాలి.

80 శాతం: సోకినా ఏ లక్షణమూ కనిపించనివాళ్లు సుమారు ఇంతమంది. జ్వరం రాలేదు కదా, నాకేం లేదనుకుంటే కుదరదు.

5 నుంచి 15 శాతం: గర్భంతో ఉండగా తల్లికి జికా సోకితే, పుట్టే బిడ్డల్లో ఇంతమందికి సమస్యలు రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తల చిన్నదిగా ఉండటం వాటిలో ఒకటి.

3 నెలలు: జికా ఉన్న చోటు నుంచి వచ్చిన మగవాడు అన్నాళ్లూ కండోమ్ (నిరోధ్) వాడాలి, లేదా దూరంగా ఉండాలి. ఆడవాళ్లకైతే 2 నెలలు. దసరాకు ఇల్లు చేరినవాడికి గడువు తీరేది దాదాపు సంక్రాంతికే. భార్య అప్పటికే గర్భిణి అయితే కాన్పు దాకా ఇదే నియమం.

37.9, 9.5, 0.3: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కుటుంబ నియంత్రణకు స్త్రీల ఆపరేషన్, కండోమ్, పురుషుల ఆపరేషన్ మీద ఆధారపడ్డ దంపతుల శాతాలివి. తెలంగాణలో ఒక్క స్త్రీల ఆపరేషనే 60 శాతం దాటింది. భారమంతా ఎవరి మీద పడిందో చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ ఎవరికి చేసినా గర్భం ఆగుతుంది గానీ వైరస్ ఆగదు. మాత్రలూ, లూపూ అంతే. గర్భానికీ వైరస్‌కూ రెండింటికీ అడ్డుపడేది కండోమ్ ఒక్కటే. అది కూడా ప్రతిసారీ, సరిగ్గా వాడితేనే. ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే భార్య వాడే మాత్రకు తోడుగా భర్త నిరోధ్ వాడటం ఇంకా మేలు. సర్కారు దవాఖానలో నిరోధ్ ఉచితం. ఆశా కార్యకర్తను అడిగినా ఇస్తుంది.

గర్భిణి స్కానింగ్‌కు వెళ్లినప్పుడు భర్త ఏ ఊరి నుంచి, ఏ తేదీన వచ్చాడో డాక్టరుకు చెప్పాలి. ఆ సంగతి బాగా తెలిసింది అతనికే కాబట్టి, వెంట అతనూ వెళ్లాలి.