పశువైద్యుని మార్చవలసినది ఎప్పుడు?

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి: ఈ నాలుగును చికిత్సకు పాదములని చరకుడు చెప్పెను. పెంపుడు జంతువు మాటలాడలేదు గనుక, పరిచారకుడైన యజమాని చెప్పు లక్షణములే పశువైద్యునికి ఆధారము. ఆ మాట వినని వైద్యుని వద్ద చికిత్స ఆదిలోనే కుంటుపడును.

అయితే రెండు దినములలో గుణము కనబడలేదని వైద్యుని మార్చుట తగదు. చర్మరోగములు తగ్గుటకు వారములు పట్టును. చెప్పిన మోతాదు, చెప్పినన్ని దినములు ఇచ్చితిమా అని ముందు విచారించుకొనవలెను.

ఈ క్రింది లక్షణములున్నచో మార్చవచ్చును:

1. జంతువును తాకి చూడక, జ్వరము కొలువక మందు వ్రాయుట. (కుక్కకు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ సహజము. అది జ్వరము కాదు.)
2. అడిగినను వ్యాధి పేరు, మందు పేరు చెప్పకుండుట.
3. గుణము లేకున్నను, పరీక్షలు చేయింపక అదే మందు కొనసాగించుట.

క్రొత్త వైద్యునికి పాత చీటీలు, టీకాల కార్డు తప్పక చూపవలెను. లేనిచో ఇచ్చిన మందే మరల పడవచ్చును.

వైద్యుని మార్చు నడుమ కుక్కకో పిల్లికో ఇంటి వైద్యము చెప్పుమని కొందరు నన్ను అడుగుదురు. నేను చెప్పను. మనకు హితమైన వెల్లుల్లి, ఉల్లి వాటి రక్తకణములను నశింపజేయును. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకము.

కుక్కపిల్లకు వాంతులతో నెత్తురు విరేచనములైనచో పార్వో వ్యాధి కావచ్చును. అప్పుడు మంచి వైద్యునికై వెదకుచు కాలము గడపరాదు. దగ్గరనున్న పశువైద్యశాలకు వెంటనే కొనిపోవలెను.