కండరాల వాపులో మింగుడు కష్టం: పలుచని జావయే పథ్యమా?

ముద్దను నోట పెట్టుకొని మ్రింగడం ఎంత సూక్ష్మమైన క్రియయో అది చెడినప్పుడే మనకు తెలుస్తుంది. అన్నమును లోనికి ప్రవేశింపజేయుట ప్రాణవాయువు చేసే పనులలో ఒకటని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పారు. ఆ పనికి సాధనాలు కండరాలే. గొంతులోను, అన్నవాహిక పై భాగంలోను ఉన్నవి కాలుసేతులలో ఉండే జాతి కండరాలే. కావున కాలుసేతుల కండరాలను పీడించే వ్యాధి గొంతును కూడా పీడించవచ్చును.

పాలీమయోసైటిస్, డెర్మటోమయోసైటిస్, ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనేవి ఈ కోవకు చెందిన వ్యాధులు. శరీర రక్షణ శక్తియే దారి తప్పి సొంత కండరాలపై దాడి చేయడం వీటిలో కనిపిస్తుంది. మొదటి రెండింటిలో పీట మీద నుండి లేవడం, మెట్లు ఎక్కడం, తల దువ్వుకోవడం కష్టమవుతాయి. డెర్మటోమయోసైటిస్‌లో కనురెప్పలపై ఊదా రంగు, వేళ్ళ కణుపులపై దద్దులు వస్తాయి. మూడవది ఎక్కువగా 50 ఏళ్ళు దాటినవారికి వస్తుంది. పిడికిలి పట్టు, తొడల బలం తగ్గుతాయి. కొందరిలో మింగుడు కష్టమే తొలి లక్షణం.

గ్యాసు అని భ్రమపడవద్దు

గొంతులో ముద్ద అడ్డుపడితే చాలామంది గ్యాసు అనుకొని జీలకర్ర కషాయంతో నెలలు గడుపుతారు. నా వద్దకు వచ్చేవారిని నేను ముందుగా అడిగేది ఇవి: నీళ్ళు త్రాగితే ముక్కులోకి వస్తున్నాయా? భోజనం మధ్యలో దగ్గు వస్తోందా? తిన్న తరువాత గొంతు తడిసినట్లు గరగరలాడుతోందా? బరువు తగ్గుతున్నదా? దగ్గు, జ్వరం మాటిమాటికి వస్తున్నాయా? ఔనంటే ఆహారం ఊపిరితిత్తులలోకి జారుతున్నదేమోనని శంకించాలి. దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణాంతకం కావచ్చును. కొందరిలో దగ్గు కూడా రాకుండానే జారుతుంది.

మండమా, విలేపియా?

గురుకులంలో మాకు పథ్యపాకం చేతితో వండి నేర్పారు. బియ్యానికి 14 రెట్లు నీరు పోస్తే మండం, 4 రెట్లు పోస్తే విలేపి. శోధన చికిత్స తరువాత ముందు పలుచని పేయ, పిదప చిక్కని విలేపి ఇవ్వడం సంప్రదాయం. అది జఠరాగ్నిని దృష్టిలో ఉంచుకొని చెప్పిన క్రమం. ఇక్కడ బలహీనపడినది గొంతు. పలుచని ద్రవం వేగంగా జారుతుంది, అలసిన కండరాలు శ్వాసనాళాన్ని సకాలంలో మూయలేవు. అందుచేత గంజినీళ్ళు, పలుచని మజ్జిగ, మెతుకూ నీరూ కలిసిన చారన్నం చాలామందికి ప్రమాదకరం. మెత్తగా మెదిపిన పెసరపప్పు విలేపి, గడ్డపెరుగు సులభంగా దిగవచ్చును. అయితే మరీ చిక్కనిది గొంతులోనే నిలిచిపోయేవారూ ఉన్నారు. ఎంత చిక్కదనం సరిపడుతుందో బేరియం ఇచ్చి తీసే ఎక్స్‌రే వీడియో చూసి, మింగుడు అభ్యాసాలు నేర్పే స్పీచ్ థెరపిస్టు నిర్ణయించాలి. మెడ వంచి మ్రింగే పద్ధతి కూడా వారు చెప్పినవారే చేయాలి.

భోజనవేళ మాటలూ నవ్వులూ మాని, మనసు అన్నంపైనే నిలిపి, తొందరపడక తినమన్న చరకుని నియమం ఈ రోగులకు ఔషధంతో సమానం. నిటారుగా కూర్చొని చిన్న ముద్దలు తినాలి. ఒక ముద్ద దిగిన తరువాతనే రెండవది పెట్టాలి. తిన్న తరువాత అరగంట పడుకోరాదు. నోటిని శుభ్రంగా ఉంచుకోవాలి.

చేయకూడనివి

నస్యం, నూనె పుక్కిలింత మా వైద్యంలో గొప్ప ప్రక్రియలు. కాని మింగుడు చెడినవారికి నేను వాటిని చెప్పను. నూనె ఊపిరితిత్తులలోకి జారితే అక్కడ వాపు కలిగిస్తుంది. పొడి చూర్ణాలు నోట వేసుకోరాదు. అడ్డుపడిన ముద్దను నీళ్ళతో దింపాలని చూడరాదు.

రక్తంలో సి.పి.కె. పరీక్ష, అవసరమైతే కండరపు ముక్క పరీక్ష చేసి వ్యాధిని నిర్ధారిస్తారు. మొదటి రెండు వ్యాధులలో ప్రెడ్నిసొలోన్ వంటి మందులతో చాలామందికి మేలు కలుగుతుంది. మూడవదానిలో ఆ మందుల ప్రభావం స్వల్పం కనుక ఆహార జాగ్రత్తలే ముఖ్యం. ప్రెడ్నిసొలోన్‌ను హఠాత్తుగా మానడం అపాయకరం. రోగనిరోధక శక్తి పెంచుతాయని ప్రచారమయ్యే మూలికలను డాక్టరుకు తెలియజేయకుండా వాడవద్దు.

ఇంట్లో ఎవరికైనా భోజనానికి మునుపటికన్న రెట్టింపు సమయం పడుతూ, లేచేటప్పుడు చేతి ఆసరా కావలసివస్తే, ఆ రెండింటినీ వైద్యునికి ఒకేసారి చెప్పండి. వేరువేరుగా చెబితే ఒకటి గ్యాసుగాను, మరొకటి వయసుగాను తోచవచ్చును.