మురికివాడ ఏల పుట్టును?

హైదరాబాదునుండి ముంబయి పోవు రైలు సయాను స్టేషను దాటునప్పుడు కిటికీయొద్ద కూర్చున్నవారికి రేకుల కప్పులు, వానిపై టార్పాలిను పట్టాలు, ఆ పట్టాలు గాలికి ఎగురకుండ పెట్టిన రాళ్లు కనబడును. అచ్చట ఒక ఇంటి గోడయే పొరుగింటికిని గోడ. అది ధారావి. చూచినవారు ముక్కు మూసికొని, ఈ జనమంతయు పల్లెలు విడిచి ఇచ్చటికేల వచ్చిరని అనుకొందురు. ప్రశ్న సరియైనదే గాని, దాని సమాధానము రైలుకిటికీకి అందునది కాదు.

ధారావి మొదట మాహీము ఉప్పుటేటి అంచున నుండిన కోలీ జాలరుల పల్లె. చుట్టును నగరమునకు అక్కరలేని బురదనేల. తోళ్లు పదునుచేయు పని దుర్గంధముతో కూడినది గనుక ఊరి వెలుపల ఉండవలెనని ఆ వృత్తివారిని అటు నెట్టిరి. తమిళదేశమునుండి తోళ్లపనివారును, సౌరాష్ట్రమునుండి కుమ్మరులును వచ్చి చేరిరి. బురదను మట్టితోను చెత్తతోను పూడ్చి దానిని నేలగా మార్చినది వారే. తరువాత ముంబయి ఉత్తరముగ పెరిగి పెరిగి ధారావిని దాటిపోయినది. నేడు దాని ప్రక్కనే బాంద్రా-కుర్లా వ్యాపారకేంద్రపు అద్దాల మేడలు నిలిచియున్నవి. రెండు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన ఆ నేలకు ఇప్పుడు బంగారపు ధర. వారు నగరము నడుమకు చొరబడలేదు. నగరమే వచ్చి వారిని చుట్టుకొన్నది.

ఆ నగరముతో మన తెలుగువారికిని పాత సంబంధమే కలదు. తాపీపనికిని మట్టిపనికిని పోయిన మనవారిని అచ్చట కామాటులనిరి. కామాటిపుర అను పేట పేరు వారివలన వచ్చినదే. పాలమూరు కూలీలు ముంబయికి పోవుట నిన్న మొన్నటివరకు ఎరిగిన సంగతియే.

మురికివాడ యనగా నేమి? ఐక్యరాజ్యసమితివారు దానికి అయిదు గురుతులు చెప్పుదురు. మంచినీరు అందకపోవుట, మరుగుదొడ్డి సౌకర్యము లేకుండుట, ఒక్క గదిలో ముగ్గురికి మించి నిదురించుట, ఇల్లు గట్టిది కాకుండుట, ఎప్పుడు ఖాళీచేయింతురోయను భయము. వీనిలో ఏ ఒక్కటి యున్నను అది మురికివాడ ఇల్లే. ఈ లెక్కన 2001లో లోకమందు 92 కోట్లకు పైగా జనులు ఇట్టి ఇండ్లలో నుండిరి. అది నాటి పట్టణ జనములో మూడవవంతుకు కొంచెము తక్కువ. 2022 నాటికి ఆ భాగము సుమారు నాలుగవవంతునకు తగ్గినది. కాని పట్టణములే పెరిగినందున తలల లెక్క తగ్గక 110 కోట్లు దాటినది.

అయిదింటిలో చివరిదానిని మనము తేలికగ తీసికొందుము. నిజమునకు మిగిలిన నాలుగింటికిని అదియే మూలమని నా అభిప్రాయము. కూలివాని లెక్క చూడుడు. పని దొరకుచోటికి అతడు నడచి పోగలుగవలెను. బస్సుకు పెట్టిన డబ్బు కంచములోనుండి తీసినదే. అంత దగ్గర హక్కుగల నేల అతనికి అందదు. అందుచే ఎవరును కోరని వాగుగట్టునో, కొండవాలునో, రైలుకట్టనో చేరును. అచ్చట పట్టా లేదు గనుక బ్యాంకు అప్పు ఇయ్యదు. రేపు కూల్తురేమోయని తానును ఇటుకగోడ పెట్టడు. కొళాయి రాదు గనుక నీటిని బిందెలలెక్కన కొనును. మేడలోనివాడు కొళాయినీటికి ఇచ్చు ధరకంటె అది అనేకచోట్ల ఎక్కువ.

ఇది మన దేశపు జాడ్యమే యనుకొనరాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు నూలుమిల్లుల కూలీల ఇండ్లనుగూర్చి ఏంగెల్సు 1845లో వ్రాసిన గ్రంథము ఈ సంగతియే చెప్పును. బ్రెజిలు దేశమున రియో నగరపు కొండపేటలకు ఫవేలాలని పేరు. 1897లో కానుడోసు యుద్ధమునుండి వచ్చిన సైనికులు ఇండ్లకొరకు ఎదురుచూచుచు అచ్చటి కొండపై గుడిసెలు వేసికొనిరి. యుద్ధభూమియొద్ద ఒక ముళ్లమొక్కవలన పేరుపొందిన కొండయుండెను. ఆ పేరే ఈ కొండకు అంటినది. 1960 తరువాత ప్రభుత్వము అనేక ఫవేలాలను కూల్చి జనమును నగరపు పడమటి కొసకు తరలించెను. 'దేవుని నగరము' అని అర్థమువచ్చు పేరుతో అచ్చట ఒక కాలనీ వెలసెను. కాలనీ వచ్చినది గాని పని వెంట రాలేదు. కొంతకాలమునకు అదియే పేదరికమునకును తుపాకులకును పేరుమోసినది.

హాంగ్‌కాంగులో వేరొక దారి తొక్కిరి. 1953 క్రిస్మసు రాత్రి షెక్ కిప్ మే గుడిసెలు తగులబడి యాబదివేలకు పైగా జనులు నిరాశ్రయులైరి. ప్రభుత్వము వారిని దూరముగ పంపక ఆ బూడిదనేలమీదనే అంతస్తుల ఇండ్లు కట్టినది. గదులు ఇరుకు, కొళాయిలు ఉమ్మడి. అయినను పని దూరము కాలేదు.

ముంబయిలోనే 1981లో కాలిబాటలపై నివసించువారిని తొలగించి స్వగ్రామములకు పంపవలెనని ప్రభుత్వము తలపెట్టినది. ఓల్గా టెల్లిసు అను పత్రికావిలేఖరియు, ఆ కాలిబాటలవారును సుప్రీముకోర్టుకు పోయిరి. 1985లో తీర్పు వచ్చినది. బ్రదుకుతెరువు లేనిదే బ్రదుకు లేదు గనుక జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదని న్యాయస్థానము ఒప్పుకొన్నది. అట్లని కాలిబాట వారిదని చెప్పలేదు. ముందు తెలియజేసి, వానకాలము గడచిన పిదప తొలగింపవచ్చునన్నది. గెలిచినదెవరో చెప్పుట కష్టము.

కోర్టు హక్కును నిర్ణయించును గాని కాలువ తవ్వదు. ఆ పని జరిగిన తీరు తెలియవలెనన్న కరాచీలోని ఓరంగీకి పోవలెను. 1965 ప్రాంతమున మొదలైన ఆ వాడ, 1971 తరువాత తూర్పు పాకిస్తానునుండి వచ్చిన కాందిశీకులతో ఇంకను పెరిగినది. మురికినీరు వీథిలోనే నిలిచెడిది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాను అను పెద్దమనిషి అచ్చటికి వచ్చెను. ఆయన ఐ.సి.యస్. ఉద్యోగమును 1945లో విడిచి, అలీగఢు చెంత తాళములు చేయువానియొద్ద పనికి కుదిరిన విచిత్రవ్యక్తి. మురుగుకాలువ కావలెనని అందరును కోరిరి. సర్కారే ఉచితముగ వేయవలెననియు అందరును నమ్మియుండిరి. ఈ నమ్మకమే మొదటి అడ్డంకియని ఆయన గ్రహించెను. ఇరువది ముప్పది ఇండ్ల సందును ఒక ఘటకముగ తీసికొని, తమలో ఒకరిని పెద్దగ ఎన్నుకొని, చందాలు వారే పోగుచేసికొనవలెనన్నాడు. ఖాను సంస్థ నేల మట్టములు కొలిచి పటము గీసి, పనిముట్లు ఇచ్చి, పని నేర్పెను, డబ్బును ముట్టలేదు. కంట్రాక్టరు లేడు గనుక ఖర్చు సర్కారు లెక్కలో కొద్దిభాగమునకు దిగినది. ఒక సందు పొడిగా నుండుట చూచి ప్రక్క సందువారు వచ్చి అడిగిరి. క్రమముగ సుమారు లక్ష ఇండ్లకు మరుగుదొడ్డియు కాలువయు అమరినవి.

లోపమును దాచరాదు. సందులలోని కాలువలు జనము వేసికొనగలిగిరి గాని, ఊరి పెద్దకాలువయు నీటిని శుభ్రపరచు కేంద్రమును సర్కారువే. ఆ మురుగు చాలకాలము శుభ్రపడకయే వాగులగుండ సముద్రమునకు పోయినది. ఆ సంస్థను నడపిన పర్వీన్ రహమాను అను ఆర్కిటెక్టు నేలకబ్జాలను, నీటిదొంగతనమును పటములలోకెక్కించెను. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపిరి. నేలపటము ఎంత ప్రమాదకరమైన వస్తువో దీనివలన తెలియును.

మన సంగతికి వత్తము. 2011 జనాభాలెక్కలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కోటి జనులు మురికివాడలలో నుండిరి. మహారాష్ట్ర తరువాత స్థానము మనదే. మహానగరములలో ఇట్టి కుటుంబముల పాలు ఎక్కువగనున్నది ముంబయిలో కాదు, విశాఖపట్నమున, నూటికి 44. ఓడరేవునకును కర్మాగారములకును వచ్చినవారికి చదునునేల అందక, కొండవాలులే దిక్కైనవి.

పొరుగున ఒడిశా 2017లో ఒక చట్టము చేసినది. చిన్నపట్టణముల మురికివాడవాసులకు వారున్నచోటనే కొలిచి నేలహక్కు ఇచ్చుట దాని ఉద్దేశము. పత్రముపై భార్యాభర్తలిద్దరి పేర్లును ఉండును. ఆ నేల బిడ్డలకు సంక్రమించును. అమ్ముటకు వీలులేదు, తాకట్టుపెట్టి ఇంటికి అప్పు తీసికొనవచ్చును.