మీట నొక్కువరకు వేచియుండు ప్రోగ్రాము

ప్రధానోపాధ్యాయుని గది వాకిట బంట్రోతు కూర్చుండును. లోపల గంట మ్రోగగానే లేచి వెళ్ళి, చెప్పిన పని చేసి, తిరిగి వచ్చి తన స్థానమున కూర్చుండును. గంట మ్రోగనంతసేపు అతనికి పని లేదు. అయినను అతని చెవి గంటమీదనే యుండును. నేడు కంప్యూటరు తెరపై మనము వాడు ప్రోగ్రాములలో అధికభాగము ఈ బంట్రోతువలెనే పనిచేయుచున్నవి. అట్టివానిని మనమే తయారుచేసికొనుటకు తోడ్పడు సాధనములను గూర్చి తెలిసికొందము.

మొదట ప్రోగ్రాముల తీరు వేరు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితాచార్యులు బేసిక్ అను సులభమైన భాషను రూపొందించిరి. విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థులు సైతము కంప్యూటరును వాడగలుగవలెనని వారి ఆశయము. ఆ భాషలో ప్రతి పంక్తికిని ఒక సంఖ్య యుండెడిది; యంత్రము ఆ వరుసలోనే ఆజ్ఞలను నెరవేర్చెడిది. ఏది ముందు, ఏది తరువాత అను నిర్ణయము ప్రోగ్రాముదే.

తెరపై విండోలు, మీటలు, చేతిలో మౌసు వచ్చిన పిదప ఈ వరుస తారుమారయ్యెను. మనిషి ఏ మీటను ముందు నొక్కునో ప్రోగ్రామునకు తెలియదు, అది వేచియుండవలసినదే. అట్టి ప్రోగ్రాము వ్రాయుట కష్టము. ఖాళీ విండో నొకదానిని తెరపై చూపుటకే సి భాషలో పదులకొలది పంక్తులు కావలసియుండెడివి. 1991లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన విజువల్ బేసిక్ ఈ కష్టమును తొలగించెను. తెరను బొమ్మవలె అమర్చు దాని పద్ధతికి మూలము అలన్ కూపర్ అను నిపుణుని రూపకల్పన.

ఉదాహరణకు, ఒక విద్యార్థి రెండు పరీక్షల మార్కుల సగటు కావలెననుకొందము. మొదట ఖాళీ విండోపై మార్కులకు రెండు గడులు, ఫలితమునకు ఒక చోటు, 'సగటు' అను మీట అమర్చవలెను. మీటపై రెండుమారులు నొక్కినచో, దానికి సంబంధించిన ఆజ్ఞలు వ్రాయు పుట తెరచుకొనును. అందు ఒకటి రెండు పంక్తులు చాలును. మీట నొక్కుటను 'సంఘటన' అందురు. ఆపరేటింగ్ సిస్టము దానిని గుర్తించి ప్రోగ్రామునకు వార్త పంపును. ప్రోగ్రాము ఆ మీటకు చెందిన పంక్తులను మాత్రమే నెరవేర్చి, మరల వేచియుండును.

ఇచట రెండు చిక్కులు కలవు. గడులలో 45, 5 అని వ్రాసి మీట నొక్కినచో సగటు 25 రావలెను. కాని విజువల్ బేసిక్‌లో 227.5 రావచ్చును! గడిలోనిది యంత్రమునకు సంఖ్య కాదు, అక్షరముల వరుస. 45 ప్రక్కన 5 చేర్చి 455 చేసి, దానిని రెండుచే భాగించినది. 'వాల్' అను ఆజ్ఞతో ముందుగా అక్షరములను సంఖ్యలుగా మార్చినచో ఈ దోషము పోవును.

రెండవ చిక్కు ఇంతకంటె ప్రమాదకరము. ఒక విద్యార్థి మొదటి పరీక్షలో 40 తెచ్చుకొని, రెండవదానికి జ్వరముచే రాలేదు. గడి ఖాళీ. 'వాల్' ఖాళీని సున్నగా మార్చును. సగటు 20 అని తెరపై కనబడును. 227.5ను చూచినవారెల్లరు తప్పని గుర్తింతురు. 20ని ఎవరును శంకింపరు. గైర్హాజరు వేరు, సున్న వేరు అని యంత్రమునకు తెలియదు. గడి ఖాళీగా నున్నచో లెక్క కట్టక ఉపాధ్యాయుని అడుగుమని మనమే వ్రాయవలెను.

సాధనమును ఎన్నుకొనుటలో కూడ జాగ్రత్త అవసరము. పాత విజువల్ బేసిక్ వరుసలో చివరిది 1998లో వచ్చిన ఆరవ రూపము. 2002లో వచ్చిన డాట్‌నెట్ రూపము దానికి పూర్తిగా సరిపడనందున పాత ప్రోగ్రాములను ఎంతో మార్చి వ్రాయవలసివచ్చెను. 2008లో ఆ పాత సాధనమునకు సంస్థ తోడ్పాటు ముగిసెను. నేడు లినక్సుపై గాంబాస్ అను సాధనము బేసిక్‌ను పోలిన భాషలో ఇదే పద్ధతిని అందించుచున్నది. దాని మూలపాఠము అందరికిని అందుబాటులో నున్నది, వెల లేదు. పైథాన్ భాషలో టికింటర్ కలదు. కాని అందు విండో అమరికను కూడ పంక్తులలోనే వ్రాయవలెను. రెండింటను మీటలపై తెలుగు మాటలు ఉంచవచ్చును.

విద్యార్థులు సెల్సియస్ డిగ్రీలను ఫారెన్‌హీట్‌లోనికి మార్చు ప్రోగ్రామును వ్రాసి చూడవలెను. 100కు 212 రావలెను. మైనస్ 40కి మైనస్ 40యే రావలెను. పిమ్మట గడిలో ఏమియు వ్రాయక మీట నొక్కుడు. 32 అని జవాబు వచ్చినచో, మీ ప్రోగ్రాము ఇంకను పూర్తి కాలేదని తెలిసికొనుడు.